కాంట్రాక్టు మధ్యలో స్కూలు మారాలంటే ముందు ఏ తేదీ చూసుకోవాలి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి నీ సంగతి క్లుప్తంగా మళ్లీ చెబుతాను. మీది రాజోలు దగ్గర లంక ఊరు. రెండేళ్లుగా ఈశాన్య థాయ్‌లాండ్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లిష్ చెబుతున్నావు. భార్య, నాలుగేళ్ల పాప నీతోనే ఉన్నారు. కాంట్రాక్టు మార్చి ఆఖరు వరకు ఉంది. ఇప్పుడు బ్యాంకాక్‌లో ఒక స్కూలు నెలకు 12,000 బాత్‌లు ఎక్కువ ఇస్తామంటోంది, కానీ జనవరి మొదటి వారంలోనే చేరాలంటోంది. పాత స్కూలు వదలనంటోంది. ఊళ్లో ఏజెంటేమో "రాజీనామా ఇచ్చేసి లావోస్ వెళ్లి రా, టూరిస్టుగా దిగి పనిలో చేరిపో, కాగితాలు తర్వాత చూసుకోవచ్చు" అంటున్నాడు. ఈలోపు సంక్రాంతికి ఇంటికి రావాలని ఉంది. ఈ వారమే రాజీనామా ఇచ్చేయనా అని అడిగావు.

ఇవ్వకు. ఈ వారం అసలే ఇవ్వకు. జీతం పెరగడం మంచిదే, మారడం తప్పని కూడా నేను అనను. కానీ నీ పాస్‌పోర్టులో ఉన్న స్టాంపు ఏ తేదీ వరకు బతికి ఉంటుందో తెలియకుండా రాజీనామా కాగితం మీద సంతకం పెడితే నీతో పాటు మరదలు, పాప కూడా ఇబ్బంది పడతారు. అది ఎలా జరుగుతుందో నాకు జరిగిందే చెబుతాను.

నాది పాలకొల్లు. 2009లో మాల్దీవుల్లో ఒక దీవి స్కూల్లో చేరాను. 2012 నుంచి 2018 వరకు థాయ్‌లాండ్‌లో, ఆ తర్వాత 2023 వరకు షార్జాలో ఇంగ్లిష్ చెప్పాను. థాయ్‌లాండ్‌లో మొదటి స్కూలు 2015 మార్చిలో వదిలాను. నా పాస్‌పోర్టులో మే 20 వరకు ఉండొచ్చని స్టాంపు ఉంది. ఇంకా యాభై రోజులుంది కదా అని నింపాదిగా ఇల్లు ఖాళీ చేసి, సామాన్లు అమ్ముకుని, ఏప్రిల్ 9న ఎయిర్‌పోర్టుకు వెళ్లాను. కౌంటర్‌లో అమ్మాయి కంప్యూటర్ చూసి నన్ను పక్కకు పంపింది. మార్చి 31తో నా ఉద్యోగం ముగిసిందని స్కూలు వాళ్లు ఇమ్మిగ్రేషన్‌కు రాసిచ్చారు. ఆ రోజుతోనే నా గడువు కూడా అయిపోయింది. నాకు ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. తొమ్మిది రోజులు ఎక్కువ ఉన్నానని రోజుకు 500 బాత్‌ల చొప్పున 4,500 బాత్‌లు కట్టించుకున్నారు. డబ్బు కంటే ఆ పాస్‌పోర్టులో పడ్డ ముద్ర నన్ను ఎక్కువ బాధపెట్టింది. మళ్లీ వీసా కోసం చెన్నైలో దరఖాస్తు పెట్టినప్పుడు అదేమిటని అడిగారు, రాతపూర్వకంగా వివరణ ఇవ్వాల్సి వచ్చింది.

అప్పుడు నాకు తెలిసిన విషయమే ఇది. థాయ్‌లాండ్‌లో నీకు మొదట వచ్చిన, ఉద్యోగం కోసం ఇచ్చే నాన్ ఇమ్మిగ్రెంట్ బి వీసా 90 రోజులకే. ఆ తర్వాత ఏడాదికోసారి 1,900 బాత్‌లు కట్టి పొడిగించుకుంటున్నావే, ఆ పొడిగింపు "ఈ స్కూల్లో పని చేస్తున్నాడు" అన్న కారణం మీద ఇచ్చింది. ఆ కారణం ఏ రోజు పోతే పొడిగింపు ఆ రోజే పోతుంది. స్టాంపు మీద అచ్చయిన తేదీ ఇక లెక్కలోకి రాదు. పని ఆఖరి రోజునే ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకు వెళ్లి క్యాన్సిల్ చేయించుకుని, ఇంకో 1,900 కట్టి అడిగితే సర్దుకోవడానికి ఏడు రోజులు ఇస్తారు. అంతే. భార్యాపిల్లలకు నీ మీద ఆధారపడి ఇచ్చిన గడువు కూడా నీదానితో పాటే ముగుస్తుంది. చాలామంది తమ సంగతి చూసుకుని ఇంట్లోవాళ్ల పాస్‌పోర్టుల సంగతి మర్చిపోతారు. రోజుకు 500 అన్నది మరదలికి కూడా విడిగా పడుతుంది. జరిమానా 20,000 బాత్‌లకు మించదు గానీ, 90 రోజులు దాటి ఉండిపోతే తిరిగి రాకుండా నిషేధం పెడతారు. ఈ లోపల పోలీసులకు దొరికితే ఇంకా కఠినం: గడువు దాటి ఉన్నది (ఓవర్‌స్టే) ఏడాదిలోపే అయినా అయిదేళ్ల నిషేధం.

నరసాపురం నుంచి సఖినేటిపల్లికి గోదావరిని పంటు మీద దాటినవాడివే కదా. అవతలి రేవులో దిగడానికి చోటుందా లేదా చూసుకునే ఇవతల తాడు విప్పుతారు. నీకు అవతలి రేవు అంటే కొత్త స్కూలు చేతికిచ్చే కాగితాలు. ఆఫర్ లెటర్ ఒక్కటే సరిపోదు. బ్యాంకాక్ వాళ్లను ఈమెయిల్లో అడుగు: స్కూలు లైసెన్సు కాపీ, నీ పేరుతో నియామక లేఖ, ప్రైవేటు స్కూళ్లను చూసే విద్యా కమిషన్ కార్యాలయం నుంచి వీసా కోసం ఇచ్చే లెటర్, ఈ మూడూ ఎప్పటికి సిద్ధం చేస్తారని. ఆ లెటర్ లేకపోతే లావోస్ రాజధాని వియాంటియాన్‌లోని థాయ్ ఎంబసీ కూడా బి వీసా ఇవ్వదు. "ముందు చేరండి, లెటర్ వస్తుంది" అన్నారంటే వాళ్లకు ఇంకా దరఖాస్తు పెట్టే ఉద్దేశం లేదని అనుకో.

ఇంకో ముడి ఉంది. టీచింగ్ లైసెన్సు లేని విదేశీ టీచర్లకు థాయ్ టీచర్స్ కౌన్సిల్, అంటే ఖురుసపా, రెండేళ్లకు తాత్కాలిక అనుమతి ఇస్తుంది. మన దగ్గర అందరూ వెయివర్ అంటారు. అది నీ పేరు మీద ఉన్నా స్కూలు పేరుతో ముడిపడి ఉంటుంది. కొత్త స్కూలు మళ్లీ పెట్టుకోవాలి. రెండేళ్లు నిండుతున్న సమయంలో నువ్వు మారుతున్నావు కాబట్టి, పాత అనుమతి ఏ తేదీన ముగుస్తుందో, కొత్త స్కూలు హెచ్‌ఆర్‌కు ఈ సంగతి తెలుసో లేదో ఇప్పుడే కనుక్కో. బీఈడీ ఉన్నవాళ్లకు ఈ దారి కొంచెం సులువు. నీకు లేదని రాశావు. ఈ దేశంలో ఇంకా అయిదారేళ్లు ఉండాలనుకుంటే చదువు విషయం కూడా ఆలోచించు. ప్రతిసారీ తాత్కాలిక అనుమతి మీద బతకడం నిద్ర పట్టనివ్వదు.

ఏజెంటు మాట గురించి గట్టిగానే చెబుతాను. టూరిస్టుగా దిగి క్లాసులోకి వెళ్లి బోర్డు దగ్గర నిలబడ్డావంటే అది పర్మిట్ లేని పని. థాయ్ చట్టంలో దానికి 5,000 నుంచి 50,000 బాత్‌ల జరిమానా, దేశం నుంచి పంపేయడం, రెండేళ్ల పాటు వర్క్ పర్మిట్ ఇవ్వకపోవడం ఉన్నాయి. స్కూలు కూడా జరిమానా కట్టాలి గానీ వాళ్లు ఇంకో టీచర్‌ను తెచ్చుకుంటారు. నీ రికార్డు మాత్రం చెడిపోతుంది. తర్వాత ఏ దేశం ఫారం నింపినా "ఎప్పుడైనా ఏ దేశం నుంచైనా పంపించేశారా" అన్న గడి దగ్గర నీ చెయ్యి ఆగుతుంది.

ఆ ఏజెంటు లక్షన్నర అడుగుతున్నాడని కూడా రాశావు. మన విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు కూడా మనిషి దగ్గర సర్వీసు చార్జీగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ తప్ప తీసుకోకూడదు. ప్రభుత్వం వాళ్ల ఈ-మైగ్రేట్ పోర్టల్లో వాడి రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. కోనసీమలో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న ఊళ్లున్నాయి. అయినా ఆ పోర్టల్ చూసినవాళ్లు నాకు పదిమంది కూడా కనబడలేదు. ఇది చదివే మిగతావాళ్లకు ఒక మాట: బ్యాంకాక్‌లో ఉద్యోగమని చెప్పి, దిగాక కారులో పశ్చిమంగా మే సాట్ వైపు తీసుకెళ్తుంటే అది స్కూలు ఉద్యోగం కాదు. ఆ ఊరికి అవతల నది దాటితే మయన్మార్‌లోని మ్యావడీ, సైబర్ మోసాల ముఠాలు మనుషుల్ని నిర్బంధించి పని చేయించే చోటు. 2025 మార్చిలో అక్కడి నుంచి వందలమంది భారతీయులను వాయుసేన విమానాల్లో వెనక్కి తెచ్చారు. వాళ్లలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. మంచి జీతం అని నమ్మి వెళ్లినవాళ్లే చాలామంది.

ఇక నువ్వు చేయగలిగేది. థాయ్ స్కూళ్లలో చదువుల సంవత్సరం మే మధ్యలో మొదలై మార్చిలో ముగుస్తుంది. బ్యాంకాక్ స్కూలు జనవరిలో అడుగుతోందంటే ఎవరో మధ్యలో వెళ్లిపోయారన్నమాట. "నా కాంట్రాక్టు మార్చి 31 వరకు ఉంది, నేను మాట తప్పి రాలేను, మే టర్ముకు కచ్చితంగా చేరతాను" అని మర్యాదగా రాసి చూడు. మంచి స్కూలైతే ఆ మాటకు విలువ ఇస్తుంది, ఎందుకంటే రేపు వాళ్లను కూడా మధ్యలో వదిలి పోవని తెలుస్తుంది. నాకు రెండో స్కూలు అలాగే దొరికింది. రెండు నెలలు ఆగారు. ఆ ఆగిన కాలంలోనే వాళ్లు కాగితాలన్నీ తయారు చేశారు.

వాళ్లు ఆగకపోతే, నువ్వు తప్పకుండా వెళ్లాలనే అనుకుంటే, పాత స్కూలుతో గొడవ పడకుండా కూర్చుని మాట్లాడు. కాంట్రాక్టులో నోటీసు ఎన్ని రోజులుందో చూసి, అంతకంటే పది రోజులు ఎక్కువే ఇవ్వు. నీ క్లాసులకు పాఠాల ప్రణాళిక రాసి పెట్టి వెళ్తానను. వాళ్లు నిజంగా భయపడేది టర్ము మధ్యలో క్లాసు ఖాళీ అవుతుందనే. ఆ పిల్లల పరీక్షలు ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో ఉంటాయి, వాళ్ల సంగతి కూడా మనం ఆలోచించాలి కదా. ఒప్పుకుంటే మూడు విషయాలు రాతలో తీసుకో: పని ఆఖరి తేదీ, వర్క్ పర్మిట్ రద్దు కాగితం ఎప్పుడు ఇస్తారు, ఇమ్మిగ్రేషన్‌కు ఏ తేదీ రాస్తారు. మూడు చోట్లా ఒకే తేదీ ఉండాలి. నా విషయంలో తప్పు జరిగింది సరిగ్గా అక్కడే. కొత్త స్కూలు హెచ్‌ఆర్ అనుభవం ఉన్నవాళ్లయితే పాతది రద్దు, కొత్తదానికి దరఖాస్తు ఒకే రోజు పెట్టించి దేశం దాటే పని లేకుండా చేయగలరు. అయితే అది ఆ ఆఫీసును బట్టి, ఆ రోజు కూర్చున్న అధికారిని బట్టి ఉంటుంది. దాని మీదే ఆశ పెట్టుకోకు. వియాంటియాన్ వెళ్లి కొత్త బి వీసా తెచ్చుకోవడానికి ముగ్గురికీ బస్సు చార్జీలు, హోటలు, వీసా ఫీజు పక్కన పెట్టుకుని ఉండు.

సంక్రాంతి సంగతి. రావాలని ఎంత ఉంటుందో నాకు తెలుసు. భోగి మంటలు ఫోన్లో చూసుకుంటూ అక్కడ మామూలుగా క్లాసుకు వెళ్లిన ఏళ్లు నాకు ఆరున్నాయి. వస్తే మాత్రం రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోకుండా విమానం ఎక్కకు. ఒకసారికి 1,000 బాత్‌లు, ఎన్నిసార్లయినా వెళ్లి రావడానికి 3,800. అది లేకుండా దేశం దాటావంటే నీ ఏడాది పొడిగింపు అక్కడికక్కడే రద్దవుతుంది. మరదలికి, పాపకు విడివిడిగా తీసుకోవాలి. మనవాళ్లు ఎక్కువగా పోగొట్టుకునేది దీనితోనే, అదీ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని హడావిడిగా పరిగెత్తినప్పుడు. అందుకే పొడిగింపు చేయించుకున్న రోజే 3,800ది తీసేసుకోవడం మంచిది.

హనోయ్‌లో ఒక సెంటర్ వాళ్లు కూడా పిలుస్తున్నారని చివర్లో రాశావు. వియత్నాంలో కూడా వర్క్ పర్మిట్ యజమాని పేరు మీదే, గరిష్ఠంగా రెండేళ్లకు. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు డిగ్రీతో పాటు టీచింగ్ సర్టిఫికెట్ కావాలి, రెండూ చట్టబద్ధంగా ధ్రువీకరించి ఉండాలి, పోలీసు క్లియరెన్స్ ఆరు నెలల్లోపుది కావాలి. ఇక్కడ ఒక పని ఉంది, వింటావా: థాయ్‌లాండ్ వదిలే లోపు బ్యాంకాక్‌లో పోలీసు క్లియరెన్స్ తీసుకో. వేరే దేశానికి వెళ్లకపోయినా తీసుకో. వేలిముద్రలు అక్కడే ఇస్తావు, పని అయిపోతుంది. నేను థాయ్‌లాండ్ నుంచి వచ్చేశాక షార్జా ఉద్యోగానికి అది కావాల్సి వచ్చింది. పాలకొల్లు నుంచి వేలిముద్రల కాగితాలు పంపి, తెప్పించుకునేసరికి చేరాల్సిన తేదీ దాటబోయింది. మన దేశం పోలీసు క్లియరెన్స్ (పీసీసీ) అయితే ఇంట్లో ఉన్నప్పుడు పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో, అక్కడ ఉన్నప్పుడు మన ఎంబసీ ద్వారా తీసుకోవచ్చు.

సర్టిఫికెట్ల విషయంలో మన జిల్లాల వాళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. మన పేర్లు. పదో తరగతి మెమోలో ముందు మూడు నాలుగు ఇనీషియల్స్, వెనక పేరు. డిగ్రీలో ఒక ఇనీషియల్ ఎగిరిపోతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, వీర వెంకట అన్నీ విడదీసి. పెళ్లయిన ఆడవాళ్లకు ఇంటిపేరు కూడా మారుతుంది. మనకు అది ఒకే మనిషని చూడగానే తెలుస్తుంది. హనోయ్‌లోనో దుబాయ్‌లోనో గుమాస్తాకు అవి ముగ్గురు మనుషుల పేర్లు. నా డిగ్రీలో పుట్టింటి పేరు, పాస్‌పోర్టులో అత్తింటి పేరు ఉండి షార్జాలో ఫైలు నెలన్నర ఆగింది. నోటరీ అఫిడవిట్, పెళ్లి సర్టిఫికెట్ ధ్రువీకరించి పంపాక కదిలింది. మీ ఇద్దరివీ కాగితాలన్నీ బల్ల మీద పరిచి అక్షరం అక్షరం పోల్చి చూడు. తేడా ఉంటే సంక్రాంతికి వచ్చినప్పుడే సరిచేయించే పని మొదలుపెట్టు.

యూనివర్సిటీ నుంచి ప్రొవిజనల్ మాత్రమే తీసుకుని వెళ్లిపోయినవాళ్లు చాలామంది. ఆంధ్రా యూనివర్సిటీ అయినా, నన్నయ యూనివర్సిటీ అయినా అసలు పట్టా తెచ్చుకోవాలి. అటెస్టేషన్‌కు అదే అడుగుతారు. ముందు రాష్ట్ర ప్రభుత్వ స్థాయిలో, తర్వాత ఢిల్లీ విదేశాంగ శాఖ ముద్ర. ఒక్క ముద్రతోనే సర్టిఫికెట్లను సభ్య దేశాలు ఒప్పుకునే అపోస్టిల్ ఒప్పందంలో మన దేశం 2005 నుంచి ఉంది కాబట్టి ఒమన్, సౌదీ, జపాన్, కొరియా లాంటి దేశాలకు అపోస్టిల్ సరిపోతుంది. యూఏఈ ఆ ఒప్పందంలో లేదు. దానికి ఎంబసీ ముద్ర, అక్కడికి వెళ్లాక వాళ్ల విదేశాంగ శాఖ ముద్ర అదనం. ఒకసారి చేయిస్తే డిగ్రీ వెనక ఆ ముద్రలు ఎప్పటికీ ఉంటాయి, తర్వాత ఆ దేశంలోనే ఉద్యోగం మారినప్పుడు ఈ ఖర్చు మామూలుగా మళ్లీ రాదు.

గల్ఫ్ గురించి నువ్వు అడగలేదు గానీ మన దగ్గర నుంచి ఎక్కువమంది వెళ్లేది అటే కాబట్టి నాకు తెలిసినంత రాస్తాను. యూఏఈలో 2022 ఫిబ్రవరి నుంచి కొత్త కార్మిక చట్టం అమల్లో ఉంది. ప్రొబేషన్ ఆరు నెలలు మించకూడదు. ప్రొబేషన్‌లో ఉండగా ఆ దేశంలోనే ఇంకో స్కూలుకు మారాలంటే నెల రోజుల నోటీసు, నిన్ను తెచ్చుకున్న ఖర్చు కొత్త యజమాని పాత యజమానికి ఇవ్వాలి. దేశం వదిలి వెళ్లిపోయేట్టయితే 14 రోజుల నోటీసు. ప్రొబేషన్ దాటాక కాంట్రాక్టులో రాసినట్టు 30 నుంచి 90 రోజులు. ఏడాది నిండితే గ్రాట్యుటీ వస్తుంది, మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం. మూల వేతనం అన్న మాట చూసుకోవాలి. స్కూళ్లు జీతంలో సగం అలవెన్సులుగా రాస్తాయి, అప్పుడు గ్రాట్యుటీ సగానికి పడిపోతుంది. వీసా రద్దయ్యాక కొన్నాళ్లు గడువు ఇస్తారు కాబట్టి అక్కడ మారడం థాయ్‌లాండ్ కంటే తేలిక. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోవడం చట్టవిరుద్ధం. షార్జాలో నేను చేరిన మొదటి స్కూల్లో "భద్రత కోసం" అని అడిగి తీసుకున్నారు. వారం తర్వాత అవసరముందని చెప్పి తెచ్చుకుని మళ్లీ ఇవ్వలేదు. వాళ్లు కూడా మళ్లీ అడగలేదు. ఖతర్‌లో 2020 నుంచి, ఒమన్‌లో 2021 నుంచి పాత యజమాని ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం) లేకుండా మారే వీలు వచ్చింది. సౌదీలో కూడా 2021 మార్చి నుంచి ఏడాది పని చేశాక యజమాని ఒప్పుకోకపోయినా మారొచ్చు. మా నాన్నగారి తరంలో గల్ఫ్ వెళ్లినవాళ్లు ఒక్క ఎన్‌ఓసీ కాగితం కోసం ఏళ్లు పడి ఉండేవాళ్లు. ఈ మార్పు చిన్నది కాదు.

జపాన్, కొరియా మీద చాలామందికి ఆశ ఉంటుంది. కొరియాలో ఇంగ్లిష్ టీచర్ల ఈ-2 వీసా మామూలుగా ఇంగ్లిష్ మాట్లాడే ఏడు దేశాల వాళ్లకే. మనకు 2010లో అమల్లోకి వచ్చిన భారత్-కొరియా ఒప్పందం వల్ల స్కూళ్లలో సహాయ ఉపాధ్యాయులుగా ఒక దారి ఉంది, దానికి టీచింగ్ సర్టిఫికెట్ కావాలి. జపాన్ స్కూళ్లలో చెప్పాలంటే ఇంగ్లిష్ మాధ్యమంలో పన్నెండేళ్లు చదివి ఉండాలి. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం చదివిన నాలాంటివాళ్లకు ఆ తలుపు అక్కడితో మూసుకుపోతుంది. అక్కడ మారడం గురించి మాత్రం మంచి పద్ధతి ఉంది: అదే రకం వీసా మీద ఇంకో సంస్థకు మారితే కొత్త వీసా అక్కర్లేదు, వదిలినప్పుడు, చేరినప్పుడు 14 రోజుల్లోపు ఇమ్మిగ్రేషన్‌కు తెలియజేస్తే చాలు. మూడు నెలలు ఏ పనీ లేకుండా కారణం చెప్పలేకపోతే ఉన్న వీసా తీసేయొచ్చు.

"నేటివ్ స్పీకర్ కావాలి" అన్న ప్రకటనలు చూసి నువ్వు చిన్నబుచ్చుకున్నట్టు రాశావు. అది నాకు మనసుకు కష్టంగా అనిపించింది. ఆ ప్రకటన చూసి నీ పని తక్కువని అనుకోవద్దు. థాయ్ పిల్లలు మాట చివరి హల్లును మింగేస్తారు, బస్ అనమంటే బట్ అంటారు. మనది అచ్చుతో ముగిసే భాష, మనం బస్సు, రోడ్డు, కారు అని ఒక అచ్చు తగిలించుకుంటాం. చివరి హల్లు దగ్గర ఎంత కష్టముందో, దాన్ని దాటడానికి నోట్లో ఏం చేయాలో నీకు స్వయంగా తెలుసు. పుట్టుకతో ఇంగ్లిష్ వచ్చినవాడికి అక్కడ ఏదో కష్టముందనే తెలియదు. నేను పిల్లలకు ముందు "బస్సు" అనిపించి, తర్వాత ఆ చివరి ఉకారాన్ని మెల్లగా తగ్గించుకుంటూ రప్పించేదాన్ని. మూడో క్లాసు పిల్లలు వారంలో పట్టుకున్నారు. ఇంటర్వ్యూలో డెమో క్లాసుకు ఇలాంటిది ఒకటి సిద్ధం చేసుకుని వెళ్లు. టోయిక్ (ఇంగ్లిష్ పరీక్ష) స్కోరు పాతదైతే మళ్లీ రాయి. థాయ్ స్కూళ్లు మనవాళ్లను 600 పైన ఉందా అని అడుగుతాయి, నీకు ఎనిమిది వందలు దాటడం కష్టం కాదు.

డబ్బు సంగతి ఒక్కటి. వదిలే ముందు జీతంలో కోసిన పన్ను సర్టిఫికెట్ అడిగి తీసుకో, కొత్త స్కూలు, ఇమ్మిగ్రేషన్ రెండూ అడుగుతాయి. ప్రైవేటు స్కూలు టీచర్ల సంక్షేమ నిధికి నెలనెలా నీ జీతంలోంచి కోసిన మొత్తం ఎంతో, తిరిగి ఎలా తీసుకోవాలో అకౌంట్స్‌లో కనుక్కో. చాలామంది అడగకుండా వదిలేసి వస్తారు. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇంగ్లిష్‌లో, తేదీలతో, స్కూలు ముద్రతో కావాలి. వెళ్లిపోయాక ఫోన్ చేస్తే ఎవరూ పట్టించుకోరు, అక్కడ ఉండగానే చేతికి తీసుకో.

12,000 బాత్‌ల లెక్క కూడా మరదలితో కూర్చుని వేసుకో. బ్యాంకాక్‌లో ముగ్గురు ఉండే ఇల్లు, పాప స్కూలు, రోజూ రెండుసార్లు రైలు చార్జీ, వీటికి పోగా మిగిలేది ఎంత? ఇప్పుడున్న ఊళ్లో స్కూలు వాళ్లే ఇల్లు ఇచ్చారని రాశావు. ఆ ఇంటి అద్దె కూడా జీతమే. నా లెక్కలో నీకు నెలకు మిగిలే తేడా మూడు నాలుగు వేలు ఉంటుందేమో. దానికోసం అయినా వెళ్లొచ్చు, పెద్ద ఊళ్లో అనుభవం ముందుకు పనికొస్తుంది, కాదనను. కానీ దానికోసం జనవరిలో పరిగెత్తాల్సిన తొందర నాకు కనిపించడం లేదు.

నీ కాంట్రాక్టులో నోటీసు గురించి, మధ్యలో వదిలితే కట్టాల్సిన డబ్బు గురించి ఉన్న పేజీ ఫోటో తీసి, పేర్లు చెరిపేసి ఇక్కడ పెట్టు. ఇంగ్లిష్ పేజీతో పాటు థాయ్ పేజీ కూడా పెట్టు, రెండింటికీ తేడా వచ్చినప్పుడు ఏది చెల్లుతుందో ఆఖరి పేరాలో రాసి ఉంటుంది, చాలాచోట్ల థాయ్‌దే చెల్లుతుంది. మీ ముగ్గురి పాస్‌పోర్టుల్లో ప్రస్తుతం ఉన్న స్టాంపుల తేదీలు కూడా రాయి. అవి చూశాక మార్చి నుంచి మే వరకు ఏ వారం ఏ ఆఫీసుకు వెళ్లాలో కలిసి రాసుకుందాం.